వదిన పంపిన కొండపువ్వు

సిరోంచ,
అక్టోబరు 1986

అన్నా, ఇక్కడ అందరం బాగున్నాం. నీ పెళ్లి మీద అమ్మ కోపం కూడా దిగింది, ఎట్లాగో చదువు.

పోయిన ఏడు కూనూరు నుంచి వదిన తడిగుడ్డలో చుట్టి నీతో పంపిన హైడ్రాంజియా కొమ్మ గుర్తుందా? ఆ పేరు ఎవరికీ నోరు తిరగక కొండపువ్వు అంటున్నాం. నాకెందుకని గొణుగుతూనే అమ్మ దాన్ని నీళ్ల గోలెం పక్కన నీడలో నాటింది. ఎండాకాలమంతా మొదలు చుట్టూ తడిగడ్డి పరిచి కాపాడింది. వానలకు పూసింది. కానీ వదిన చెప్పిన నీలం కాదు, గులాబీ రంగు!

ప్రాణహితకు బతుకమ్మలు తీసుకుపోయిన నాడు పక్కింటి నర్సక్క మా బతుకమ్మలో ఆ పువ్వు చూసి, "తెల్ల గునుగు పువ్వుకు అద్దినట్టు దీనికి గూడ రంగు అద్దినవా పిల్లా?" అన్నది. నీళ్లలో ముంచి చూపించినా నమ్మలేదు. తీరా చూస్తే, ఉగాదికి గోడలకు సున్నం వేసి బకెట్లు కడిగిన నీళ్లన్నీ అమ్మ ఆ చెట్టుకే పోసిందట. సున్నానికి ఈ పువ్వు రంగు మారుతుందని బడిలో సైన్సు సారు చెప్పారు.

వదిన గాజుల సైజు ఎంత? కారం తింటుందా? దీపావళికి ఇద్దరూ రండి.

రంగు సంగతి విన్నప్పటి నుంచి అమ్మకు ఒకటే దిగులు. "మల్ల నీలం గావాలంటే ఏం పొయ్యాల్నో కోడల్ని అడిగి రాయుమను. ఆమె వచ్చేటాల్లకు ఆమె ఊరి పువ్వు ఆమె ఊర్ల ఉన్నట్టే ఉండాలె" అంటున్నది.

అవును అన్నా, కోడలు అనే అన్నది. వెంటనే జవాబు రాయి.

నీ చెల్లె,
విమల