అన్నం తిన్నాక వేసుకునే మాత్ర

కువైట్,
శుక్రవారం

ప్రియమైన దానియేలు అన్నయ్యకు,

చెల్లెలు కరుణ వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. నువ్వూ, వదినా, పిల్లలూ బాగున్నారని నమ్ముతున్నాను. నమ్ముతున్నానని రాస్తున్నానే గానీ, పోయిన శుక్రవారం వదిన ఉత్తరం అందినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. ఆ సంగతికి వస్తాను. ముందే మొదలుపెడితే నువ్వు ఉత్తరం మడిచి చూరులో దోపేస్తావు, నాకు తెలుసు.

ఇక్కడ చలి పోయింది, దుమ్ము మొదలైంది. కిటికీలు ఎంత మూసినా నోట్లో ఇసుక తగులుతుంది. పని మామూలే. నేను చూసుకునే పెద్దావిడ మంచిది, ఆ విషయంలో నువ్వేమీ బెంగ పెట్టుకోవద్దు. నేను వాళ్ళ భాష మాట్లాడితే పళ్ళు లేని నోటితో నవ్వుతుంది. తిండికి లోటు లేదు. మాంసం, రొట్టె, ఖర్జూరాలు. కానీ కారం లేదన్నయ్యా. మొన్న ఎండుమిరపకాయలు నాలుగు సంపాదించి వేయిస్తే ఇల్లంతా దగ్గి, కిటికీలు తెరిచి, నన్ను తిట్టారు. నాకు మాత్రం ఆ ఘాటుకి మన కల్లం కళ్ళ ముందుకొచ్చింది. ఇప్పుడు మిరపకాయ ఎండబోసి ఉంటారు. వదిన తలగుడ్డ కట్టుకుని రంగు పోయిన తాలుకాయ ఏరుతూ ఉంటుంది. నువ్వు కొంగలాగా గట్టు మీద నిలబడి అందరి మీదా కేకలేస్తుంటావు. ఆ కేక ఒక్కసారి వినాలనుంది.

పోయినేడు అదే కల్లంలో నువ్వు గుండె పట్టుకుని కూలబడ్డావు. నువ్వు ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేనిక్కడ వంటగదిలో కొళాయి తిప్పుకుని, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. నాన్న పోయాక నన్ను సైకిలు మీద దర్శి బడికి దింపి వచ్చి, అప్పుడు చేలో దిగినవాడివి నువ్వు. నీకు మంచినీళ్ళు ఇవ్వడానికి కూడా నేను లేకపోయాను.

అందుకే క్రిస్మస్‌కి నువ్వు ఎస్టీడీ బూతు నుంచి, "రక్తపరీక్షలో కొవ్వు మామూలుకొచ్చిందే!" అన్నప్పుడు నేను గట్టిగా స్తోత్రం అని అరిచాను. "గుళ్ళో నిలబడి సాక్ష్యం చెప్పన్నయ్యా" అన్నది నేనే. నువ్వు కొత్త సంవత్సరం ఆరాధనలో నిలబడి, దేవుడు నన్ను బాగు చేశాడు, ఇక మందులతో పని లేదు అని చెప్పావట. ఆ రోజు నుంచీ రాత్రి అన్నం తిన్నాక వేసుకునే ఆ కొవ్వు మాత్ర మానేశావట. వదిన రాసింది. మళ్ళీ వేసుకోమంటే, "సాక్ష్యం చెప్పినోణ్ణి మళ్ళీ మాత్రలు మింగితే జనం ఏమనుకుంటారే?" అన్నావట.

అన్నయ్యా, ఇక్కడ నేనూ అదే పని చేయబోయాను. మా పెద్దావిడకీ నీలాగే గుండెజబ్బు, అదే జాతి మాత్ర. మొన్న ఆమె రిపోర్టు బాగా వచ్చింది. నేను సంబరపడి మాత్రల డబ్బా తీసి పక్కన పెట్టబోయాను. బీపీ చూడటానికి వారం వారం నిర్మల సిస్టర్ వస్తుంది, మన చీరాల ఆవిడే. ఆమె నా చేతిలో డబ్బా లాక్కుంది.

"ఏమ్మా, నీకు బుద్ధుందా? మాత్ర వేసుకోబట్టే గదా రిపోర్టు బాగా వచ్చింది! మానేస్తే మళ్ళీ పెరుగుద్ది. అయినా అది చేసేది కొవ్వు తగ్గించడం ఒక్కటే అనుకున్నావా?"

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళం గోడలో కొవ్వు చేరి సెగగడ్డలాగా ఉంటుందట. దానిమీద పల్చటి పొర ఉంటుంది. లోపల వాపు ఉన్నంతకాలం ఆ పొర ఇంకా పల్చబడుతుంది. అది చిట్లితే అక్కడ రక్తం పేరుకుని దారి మూసుకుపోతుంది. నీకు కల్లంలో వచ్చింది అదే. ఈ మాత్ర ఆ వాపును చల్లారుస్తుందట, పొరను గట్టిపరుస్తుందట. నాళాన్ని బిగుసుకుపోకుండా, లోపల నున్నగా ఉంచుతుందట. ఇదంతా కొవ్వు లెక్క రాసే ఆ కాగితంలో కనపడదు. ఇందులో కొవ్వు తగ్గినందువల్ల జరిగేదెంత, మాత్ర విడిగా చేసేదెంత అని డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారట. "వాళ్ళని వాదించుకోనీ, నువ్వు వెయ్యడం మానబాక. ఒకసారి గుండెపోటు వచ్చినోళ్ళకి రిపోర్టు మంచిగున్నా ఇది కావాల్సిందే" అంది.

నువ్వు కాయ ఎర్రగా ఉందని చూసి టిక్కీ బస్తాలో తొక్కించవు గదా. విరిచి, లోపల బూజు లేదని చూసుకున్నాకే గోతాం మూతి కుట్టిస్తావు. నీ ఒంటి దగ్గరికొచ్చేసరికి పైరంగు చూసి మోసపోయావు. నిన్ను అలా మోసపోనిచ్చింది నేను.

నీ సాక్ష్యం అబద్ధమని ఎవరూ అనరు. దేవుడు నిన్ను బతికించాడన్నావు, బతికించాడు. ఒంగోలు డాక్టరు చేతిని వాడుకున్నవాడు ఇంత చిన్న మాత్రను వాడుకోలేడా? మళ్ళీ నిలబడి ఆ ముక్క కూడా చెప్పు. నీకు సిగ్గయితే, మా చెల్లి తొందరపెట్టిందని నా మీద వెయ్యి. నవ్వితే నన్ను నవ్వుతారు. ఇంత దూరం నాకు వినపడదులే. ముందు ఒంగోలు వెళ్ళి, మానేసిన సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పు. ఆయన ఎంత వేసుకోమంటే అంతే వేసుకో. కండరాల నొప్పులు పుడితే చెప్పు, అంతేగానీ నీ అంతట నువ్వు మానొద్దు.

పాస్టరుగారికి, జయమ్మత్తకు నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మనూరి సలోమి వచ్చే నెల ఇటు బయల్దేరుతుందట. ఆమె చేత పండుమిర్చి పచ్చడి పంపమని వదినతో అను, వెల్లుల్లి ఎక్కువ వెయ్యమను. వచ్చే ఏడు నాకు సెలవు. దర్శి బస్టాండులో నా పెట్టె అందుకునేది నువ్వే అయ్యుండాలి, ఇంకెవరు వచ్చినా నేను బస్సు దిగను. నా కోసం ప్రార్థన చెయ్యి, నన్ను దీవించు.

ఇక్కడ సాయంత్రం ఆరున్నరకు పెద్దావిడకు మాత్ర ఇస్తాను. అప్పుడు మీకు తొమ్మిది, నువ్వు అన్నం తిని చెయ్యి కడుక్కునే వేళ. రోజూ ఆ వేళకి నీ పేరు అనుకున్నాకే ఆమె అరచేతిలో మాత్ర పెడతాను. ఈ ఉత్తరానికి నువ్వు జవాబు రాయొద్దు. రాసినా మేము క్షేమం అని ఒక్క ముక్క రాస్తావు, అది నేను నమ్మను. మాత్రలు అయిపోయిన అట్టను కవర్లో పెట్టి పంపు. పది గుంటలూ ఖాళీగా ఉండాలి. వేలుపెట్టి ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటాను.

నీ చెల్లి,
కరుణ