మీ మ్యాక్రో ఎక్కడ ఆగిందంటే

మల్కాపురం,
విశాఖపట్నం.
16 నవంబరు 2008, ఆదివారం.

శ్రీవారికి,

పాదాలకు నమస్కరించి అని మొదలుపెట్టమని అత్తయ్య పక్కన కూర్చుని పోరుతున్నారు. మీ పాదాలేమో క్యాంప్‌బెల్ బేలో, నేనేమో మల్కాపురంలో, మధ్యన ఇంత సముద్రం. ఎంత వంగినా అందవు గనక చేతులు జోడించాను, సరిపెట్టుకోండి. ఇక్కడ అత్తయ్యా, నేనూ బాగున్నాం. మీరూ అక్కడ బాగున్నారనీ, జెట్టీ పనిలో పడి తిండి మానడం లేదనీ అనుకుంటున్నాను.

మీ ఉత్తరం పోర్ట్‌బ్లెయిర్ ఓడ దిగి, తీరిగ్గా మొన్న చేరింది. ఒకటా రెండా, పరీక్ష పేపర్లా ఎన్ని ప్రశ్నలండీ బాబూ! వరసగా చెబుతాను. గ్యాస్ బుక్ చేశాను, బండ వచ్చింది. వంటింటి స్లాబు కారుతున్న చోట సిమెంటు పెట్టించాను, మొన్నటి వానకి కారలేదు. అత్తయ్య మోకాలు నొప్పి అలాగే ఉంది. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, ఈవిడ అప్పడాలు ఎండబెట్టడానికి డాబా ఎక్కుతూనే ఉన్నారు. నా మాట వింటే కదా.

మీ ఆఖరి ప్రశ్నకి జవాబు మాత్రం ఆఖర్నే రాస్తాను. ఇంకో రెండేళ్ళు అక్కడే ఉండమని మీ కాంట్రాక్టరు కాగితం చేతిలో పెట్టాడనీ, నేను సరేనంటేనే సంతకం చేస్తాననీ రాశారు. గ్యాస్ బండ పక్కన పెట్టి అడిగే విషయమా అది? కాస్త ఆగండి.

ముందు మీ మ్యాక్రో సంగతి. 'బాగా పనిచేస్తోందా' అని గర్వంగా అడిగారు. చేయడం లేదు. దసరా వెళ్ళీ వెళ్ళగానే చచ్చూరుకుంది. ఉలిక్కిపడకండి, మళ్ళీ బతికించాను. ఎలాగో చెబుతాను వినండి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆ చిన్న ప్రోగ్రాముని మీరు మన ఓడల సర్వే ఆఫీసులో ఉన్నప్పుడు రాసి, వెళ్ళేటప్పుడు నాకు అప్పగించారు కదా. ఓడ పేరు కొడితే చాలు, అది ఇదివరకు పోర్టుకి ఎప్పుడొచ్చినా, రిపోర్టు ఏ సంవత్సరం ఫోల్డర్లో పడున్నా, వెతికి ఎక్సెల్ షీటులో వరసగా పెట్టేది. దసరాకి మన ఓనరు భీమశంకరరావు గారు ఆఫీసుకి కొత్త కంప్యూటరు కొన్నారు. ఆయుధపూజ నాడు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ దాని ముందే కొట్టారు. నీళ్ళు కీబోర్డు మీద పడ్డాయి, అది వేరే కథ. పండగ మర్నాడు కొత్త దాంట్లో మీ మ్యాక్రో నడిపితే, ఏ ఓడ పేరు కొట్టినా ఒకటే మాట: 'ఫైళ్ళు ఏమీ దొరకలేదు.'

మన అర్జునరావు అన్నయ్య సంగతి తెలుసు కదా, బొగ్గు ఓడ ఎక్కి శాంపిళ్ళు తీయమంటే పులి, కంప్యూటరు ఏమంటే అదే వేదం. ఏజెంటు ఒక ఓడ గురించి అడిగితే, అది మేమెప్పుడూ సర్వే చేయలేదు, మాకు కొత్త అని రాసి పంపేశాడు. ఆ ఏజెంటు పాత రిపోర్టు ఒకటి పట్టుకుని ఆఫీసుకే వచ్చేశాడు. కింద సంతకం ఎవరిది? అర్జునరావు అన్నయ్యదే! "నా సంతకమే నన్ను ఎక్కిరిత్తంది సెల్లెమ్మా" అని తల పట్టుకున్నాడు పాపం. భీమశంకరరావు గారు దిష్టి తగిలిందన్నారు. ఆఫీసు గుమ్మంలో బూడిద గుమ్మడికాయ కొట్టించారు. తర్వాత నేను మళ్ళీ నడిపి చూశాను. గుమ్మడికాయ పగిలింది గానీ ఫైళ్ళు దొరకలేదు.

అయితే నాకు ఒకటి తట్టింది. స్టోరు రూములోకి తోసేసిన పాత కంప్యూటరుని బయటికి లాగి, అదే మ్యాక్రో అందులో నడిపాను. గుర్రుగుర్రుమని మూలిగి, కాసేపు ఆయాసపడి, చివరికి అన్నీ తెచ్చి ముందు పెట్టింది. కొత్తదేమో నేను మీట నొక్కి వేలు తీయకముందే లేదనేసింది. ఎంత కొత్తదైతే మాత్రం, అన్ని ఫోల్డర్లు తిరగడానికి ఆ మాత్రం సమయమైనా పట్టదా? అత్తయ్యని ఇంట్లో జీలకర్ర ఉందా అంటే, డబ్బాలు తీసి చూసి లేదంటే ఒక లెక్క. మంచం మీంచి లేవకుండానే లేదంటే ఇంకో లెక్క. ఇది లేవకుండానే చెబుతోందని నాకు అనుమానం వచ్చింది.

కోడు తెరిచాను. ఏం కోడండీ అది! ఒకదాని పేరు ఎక్స్, ఇంకొకదాని పేరు ఎక్స్ ఎక్స్, మూడోదాని పేరు ఎక్స్ ఎక్స్ వన్. మీ నాన్నగారు మీకు కూడా ఇంత బద్ధకంగా పేరు పెట్టి ఉంటే ఏం చేసేవారో. అన్నిటికన్నా పైన ఒక లైను పెట్టారు గుర్తుందా, 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అని. దాని అర్థం పుస్తకంలో చూశాను. ఏదైనా తప్పు జరిగితే ఆగొద్దు, ఎవరికీ చెప్పొద్దు, ఏమీ కానట్టు పక్క లైనుకి పో, అని.

ఆ లైను తీసేసి నడిపాను. అంతే, మ్యాక్రో టక్కున ఆగింది. ఒక లైను పసుపుపచ్చగా వెలిగింది. అక్కడ ఫైల్‌సెర్చ్ అని ఒకటుంది చూడండి, మీరు వెతుకులాటంతా దాని నెత్తినే వేశారు. కొత్త ఎక్సెల్లో దాన్ని అసలు పీకేశారట. మీ మ్యాక్రో లేని మనిషిని కేకేసి, పలక్కపోతే పక్క లైనుకి పోయి, పోయి, చివర్న సున్నా చూసి 'దొరకలేదు' అని చెప్పేది. వెతకనే లేదండీ అది. వెతక్కుండా లేదని చెప్పేది.

నాకెంత సంబరమేసిందో! అర్జునరావు అన్నయ్యని పిలిచి ఆ పచ్చ లైను చూపించాను. "తప్పు కనపడితే ఇంత కుశాలేటి సెల్లెమ్మా నీకు, లాటరీ తగిల్నట్టు" అన్నాడు. నిజమే మరి, ఎక్కడుందో తెలిశాక ఇంక భయమేముంది?

తర్వాత డిర్ అనే దాంతో మళ్ళీ రాశాను. అది ఫోల్డర్లో ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతుంది. కానీ దానికో జబ్బు. ఒక ఫోల్డరు చదువుతుండగా మధ్యలో ఇంకో ఫోల్డరు చూడమంటే, మొదటిది ఎక్కడ ఆపిందో మర్చిపోతుంది. ఫోను రాగానే పొయ్యి మీద పాలు మర్చిపోయే నాలాంటిదే. అందుకని ముందు ఫోల్డర్ల పేర్లన్నీ రాసి పెట్టుకుని, అప్పుడు ఒక్కోదాంట్లోకి వెళ్ళమన్నాను. నడిచింది!

ఇంతలో దీపావళికి భీమశంకరరావు గారమ్మాయి నిఖిత అహ్మదాబాదు నుంచి వచ్చింది. డిజైను చదువుతోంది కదా, తెల్లటి ఆపిల్ లాప్‌టాప్ తెచ్చింది. నాకు చేతులూరుకుంటాయా? "ఒక్కసారి ఇవ్వమ్మా" అని తీసుకుని అందులో నడిపాను. మళ్ళీ ఆగింది. అయితే ఈసారి ఎక్కడ ఆగిందో తనే చెప్పింది. ఆ కంప్యూటర్లో ఫోల్డరుకీ ఫోల్డరుకీ మధ్య మనం పెట్టే ఏటవాలు గీత పనికిరాదట, రెండు చుక్కలు పెట్టాలట. ఫైలు పేరులో నక్షత్రం గుర్తు పెడితే మన దగ్గర 'ఏదైనా సరే' అని అర్థం కదా, దానికది అర్థమే కాదు. సరే, గీత ఏదో నువ్వే చెప్పు అని ఎక్సెల్‌నే అడిగాను. నక్షత్రం మానేసి, అన్ని పేర్లూ తెమ్మని, మనకి కావాల్సినది లోపల నేనే ఏరుకున్నాను. ఇప్పుడు పాతదాంట్లో, కొత్తదాంట్లో, ఆపిల్‌లో, మూడింటిలోనూ పనిచేస్తోంది. "ఆంటీ, మీరు ఇది వదిలిపెట్టరా ఇంక?" అంది నిఖిత. భీమశంకరరావు గారు ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకుల పొట్లం నా చేతిలో పెట్టి, "ఏవమ్మా, గుమ్మడికాయ దండగైపోయిందే" అన్నారు.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. ఇక్కడ కలం ఆపి, అత్తయ్యకి టీ ఇచ్చి వచ్చాను.

ఆ లైను తీసేసిన దగ్గర్నుంచి నా మనసు కుదురుగా లేదండీ. బస్సులో కూర్చున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. తప్పు జరిగితే ఆగొద్దు, ఎవరికీ చెప్పొద్దు, పక్క లైనుకి పో. అది రాసింది మీరు. జనవరిలో పాపని పాతిపెట్టి వచ్చి, స్నానం చేసి, గదిలోకి వచ్చి మీరన్న మొదటి మాట గుర్తుందా? 'ఫ్యాను తిరగడం లేదేంటి' అన్నారు. స్టూలేసుకుని ఫ్యాను విప్పి బాగుచేశారు. నేను పచ్చి బాలింతని, మంచం మీద పడుకుని మీ చేతుల్నే చూస్తున్నాను. తర్వాత అండమాన్ ఉద్యోగం అన్నారు, వెళ్ళిపోయారు. ఇన్ని ఉత్తరాలు రాశారు. గ్యాసు, స్లాబు, మోకాలు, మ్యాక్రో, అన్నీ అడిగారు. పాప మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. ఇది ఇప్పటిదాకా మీకు రాయలేదు. ప్రతి ఉత్తరంలోనూ బాగున్నాం అనే రాశాను, దీంట్లోనూ పైన అదే రాశాను చూడండి. నేను బాగాలేను. పాలు ఇంకిపోయాయి గానీ దుఃఖం ఇంకలేదు.

పెద్దవాళ్ళంతా ఒకటే మాట అన్నారు, ఇరవై ఒకటో రోజు రాకుండానే పోయిన బిడ్డకి పేరుండదు, తలుచుకోకూడదు, ఏడవకూడదు, మళ్ళీ పుడుతుంది అని. నేనూ నోరు మూసుకున్నాను. అత్తయ్య కూడా ఏమీ అనేవారు కాదు. ఆవిడ మర్చిపోయారనుకున్నాను. అడిగి తెలుసుకున్నది కాదండీ, అడక్కుండానే అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం ఆవిడ పెరట్లో కూర్చుని నెత్తళ్ళు బాగుచేస్తున్నారు. పక్కన కూర్చుని అడిగేశాను. "అత్తయ్యా, పాప ఎప్పుడైనా గుర్తొస్తుందా మీకు?"

ఆవిడ చేతిలోని చేపని పళ్ళెంలో పెట్టేశారు. "గుర్తు రాకపోడమేటే? నూకాలు నాకు రోజూ గుర్తే" అన్నారు.

"నూకాలెవరు?" అన్నాను.

"మరెవులు, నీ కూతురే. ఆస్పత్రిలో నా సేతిలో ఎట్టినప్పుడే సెవిలో పిల్సినాను, నూకాలూ అని. కళ్ళు తెరిసి సూసినాది. అమ్మోరి పేరెట్టేస్తే అమ్మోరే కాసుకుంటాదనుకున్నాను. కాయనేదు." ఒక చేప తోక తుంచి, మళ్ళీ చెప్పారు. "మీతో సెప్పనేదు. సెప్తే మీరిద్దరూ ఏడుత్తారని. నా కొడుకు మోహనకృష్ణ మొకం సూడలేపోయినాను."

రోజూ తను తినబోయే ముందు ఆవిడ పిట్టగోడ మీద ఒక అన్నం ముద్ద పెడతారు కదా, కాకులకనుకున్నాను నేను. పాపకటండీ. ఇద్దరం నెత్తళ్ళ పళ్ళెం ముందు కూర్చుని భోరున ఏడ్చాం. పక్కింటి మంగాయమ్మ గారు గోడ మీంచి తొంగిచూసి, ఏమైందని కంగారుపడ్డారు. "మా మనవరాల్ని తల్సుకుంటన్నాం" అని అత్తయ్య గట్టిగా చెప్పారు. ఆ మాట ఆవిడ నోట వినడం నాకదే మొదలు. ఏడ్చాక పులుసు పెట్టుకుని ఇద్దరం కడుపునిండా తిన్నాం. ఎన్నాళ్ళయిందో అలా తిని.

ఇప్పుడు మీ ఆఖరి ప్రశ్న. నేను సరేనంటేనే సంతకం చేస్తానన్నారు. సరే అనను. చేయకండి. మీరు కష్టపడుతున్నారని తెలుసు, మీ మనసు రాయి కాదనీ తెలుసు. ఆ రోజు ఫ్యానుకి ఒకే మరని మీరు మళ్ళీ మళ్ళీ విప్పి బిగించడం నేను చూశాను. ఒంటరిగా అంత దూరంలో కూర్చుని మీరు ఎవరితోనూ అనకుండా ఏడుస్తున్నారేమో నాకేం తెలుసు? అడగలేదు గనక తెలియదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. మీకు పాప గుర్తొస్తుందా?

ఇంకొక్క మాట. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని ఆ రోజు మమ్మల్ని ఇంట్లోనే ఉంచేశారు. పాపని ఏ చెట్టు పక్కన పెట్టారో, ఏ గోడ పక్కన పెట్టారో నాకు తెలియదు, అత్తయ్యకీ తెలియదు. మామయ్యగారు లేరు, మీరూ కాటికాపరీ తప్ప ఎవరూ వెళ్ళలేదు, ఆ ముసలాయన కూడా వేసవిలో పోయాడట. ఆ చోటు తెలిసిన మనిషి ఈ లోకంలో ఇప్పుడు మీరొక్కరే. ఓడ ఎక్కి రండి. వచ్చి మా ఇద్దర్నీ అక్కడికి తీసుకెళ్ళండి.

ఇట్లు,
మీ భార్య,
నూకాలు తల్లి,
ఆశాజ్యోతి.