ఎరుపు అయిపోయిన ప్రింటరు

బావగారికి నమస్కారం.

మీ తమ్ముడికి పక్షవాతంతో మాట పడిపోయాక, రంగు కార్డులతో మాట్లాడించమన్నారు డాక్టరుగారు. నొప్పికి ఎరుపు, ఆకలికి పసుపు. ఆయన చేతిలో నలిగిపోతాయి కాబట్టి వారం వారం కొత్తవి ప్రింటు తీయాలి. ప్రింటరు ఏది కొనాలని మిమ్మల్ని అడగడం నా బుద్ధితక్కువ. ఇంకు ఖరీదెంత అంటే, "మెషీన్ల సంగతి నీకేం తెలుసమ్మా, సగం ధరకే కొట్టుకొచ్చాను!" అన్నారు. మీ తెలివి తెల్లారినట్టే ఉంది. రెండో వారానికే ఎరుపు అయిపోయింది. కొత్త ఇంకు ఆ ప్రింటరుకన్నా ఖరీదట. ఏనుగును చవగ్గా కొని, దాని మేత నా నెత్తిన పెట్టారు.

ఫోన్ చేస్తే, "ఉన్న ఇంకుతో సర్దుకో" అన్నారు. సర్దుకున్నాను. నొప్పి కార్డు కూడా పసుపుగానే వచ్చింది. రెండు రోజులు ఆయన ఏది చూపించినా అన్నమే పెట్టాను. పాపం, కళ్లనీళ్లతో తిన్నారు.

ఇప్పుడు నొప్పి కార్డుకి నా ఎర్ర గోళ్లరంగు పూశాను. ఈసారి కూడా ప్రింటరు మీరే ఎంచి తెస్తానని కబురు పెట్టారుగా, ఆ మాట ఆయన చెవిన వేశాను.

వెంటనే ఎర్ర కార్డు తీసి చూపించారు.

మీ మరదలు