దొర టోపీకి గంజి

నాయనా,

నీ గుర్తుగా నేను తెచ్చుకున్న దొర టోపీకి మా అత్త గంజి పెట్టింది. కోపం తెచ్చుకోవద్దు. నీ ఏడాది తద్దినం దగ్గర పడిందని, టోపీ శుభ్రంగా ఉండాలని, మామ పంచెలతో పాటు దాన్నీ ఉతికి గంజిలో ముంచింది. ఎండాక అది అట్టలా బిగుసుకుపోయింది. దారిలో ఎవరు ఎదురైనా నువ్వు మూడు వేళ్లతో పట్టుకుని ఎత్తేవాడివే, ఆ వేళ్లకు పడిన సొట్ట పోయింది. నాకు కావలసింది ఆ సొట్టే. కానీ అత్తతో ఏమీ అనలేకపోయాను. ఎవరు పలకరించినా తల దించుకునే నా సంగతి నీకు తెలుసు కదా.

ఈ ఉదయం ఇడ్లీలు దించాక టోపీని ఆ ఆవిరికి పట్టాను. పైకి తేలిన గంజిని తడిగుడ్డతో తుడిచి, మళ్లీ ఆవిరి పట్టి, మెత్తబడేదాకా వేళ్లతో పిసికాను. తర్వాత సంగటి కుండ బోర్లించి దానికి తొడిగాను.

అత్త చూసింది. "నేను చెడగొట్నానా అమ్మణ్ణీ?"

"ఈ గుడ్డకు గంజి పెట్టకూడదత్తా."

"ఆ మాట ముందే చెప్పకూడదా? నోరుండేది ఇడ్లీ తినేదానికేనా?"

ఇద్దరం నవ్వుకున్నాం. సొట్ట కోసం మూడు వేళ్లతో నొక్కి పట్టుకున్నాను. నా వేళ్లు సన్నం కాబట్టి చిన్నగా పడింది.

ఆరాక అత్తే నా తల మీద పెట్టింది. "నీకే బాగుండాది, సూడు."

రేపు మా ఆయనతో మామిడితోటకు ఇది పెట్టుకునే వెళ్తాను. దారిలో ఎవరైనా పలకరిస్తే తల దించుకోను నాయనా. టోపీ ఎత్తుతాను.