గేటు మీద అమ్మ బొమ్మ

ద్రెనోవో,
మార్చి 18.

అక్కయ్యకు,

తమ్ముడు బ్లాగోయ్ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మన ముసలి పిల్లీ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, పిల్లలూ బాగున్నారనుకుంటాను. నీకు చెవులు వినపడకుండా పోయాక ఫోనులో అరవడం మానేసి ఉత్తరాలు రాస్తున్నాను గదా, ఈసారి రాయడమూ కష్టంగానే ఉంది. ఇప్పటికి రెండు కాగితాలు చించేశాను.

ముందు నువ్వడిగినవి చెబుతాను. నాన్న పోయి ఏడాది నిండింది కాబట్టి కొత్త చావు కాగితం అచ్చు వేయించి వీధి తలుపుకి అతికించాను. ఫొటో నువ్వు పంపిన టోపీదే. పేరూ, సంవత్సరాలూ సరిగ్గా పడ్డాయి, చుట్టూ నల్ల గీతే కాస్త మందమైంది. ఆరు నెలలప్పటిది వానకి వెలిసిపోతే గీకేశాను. మన వీధిలో పోయినవాళ్ల ఫొటోతో ఇలాంటి కాగితం లేని తలుపు ఇప్పుడు ఒక్కటీ లేదు. ఎర్ర మిరపకాయల పచ్చడి ఈ ఏడు పెట్టలేదు. ఒక్కడి కోసం ఎవడు పెట్టుకుంటాడు?

బళ్లో ఇంకా ఆ ప్యారిస్ చిత్రకారుల గోలేనా అని ఎగతాళి చేశావు. ఆ గోలే. నాలుగు తరగతులకీ కలిపి ఒక గది, ఎనిమిది మంది పిల్లలు. ఒక్కరు తగ్గినా బడి మూసేస్తామని జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. అయినా పాత పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు గోడకి పెట్టి చెబుతూనే ఉన్నాను. మొనే ఒకే గడ్డివామిని పొద్దునా సాయంత్రం మళ్లీ మళ్లీ గీశాడంటే, ఆయనకి ఆవులు లేవా మాస్టారూ, అంత తీరిక ఎక్కడిదీ అని అడిగాడు గొర్రెలవాళ్ల పిల్లాడు. క్యూబిస్టుల బొమ్మలో రెండు కళ్లూ ఒకే పక్క ఉండటం చూసి, తాగొచ్చినప్పుడు మా మామయ్యా ఇంతే అన్నాడు. ఆ రోజు కడుపు నొప్పొచ్చేలా నవ్వుకున్నాం.

తర్వాత మనుషుల ముఖాలు గీయించడం మొదలుపెట్టాను. రంగులన్నీ అయిపోయి నలుపు ఒక్కటే మిగిలింది. ఇష్టమైన మనిషిని గీసి, చుట్టూ చట్రం వేసి, మ్యూజియంలో లాగా కింద పేరూ, పుట్టిన సంవత్సరమూ రాయమన్నాను. నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ తలుపుల మధ్యే తిరుగుతున్నవాణ్ణి, నాకు మాత్రం తట్టలేదక్కా.

తొమ్మిదేళ్ల రలిత్సా వాళ్లమ్మని గీసింది. దిమానా నీకు గుర్తుందిగా, మూడేళ్లుగా స్పెయిన్‌లో స్ట్రాబెర్రీలు కోస్తోంది. పిల్ల వెలిచ్కా అవ్వ దగ్గర పెరుగుతోంది. నా ముప్పై ఏళ్ల పంతులుగిరీలో అలాంటి చెయ్యి చూడలేదు. నవ్వబోయి ఆగినట్టుండే దిమానా మూతి ఉన్నదున్నట్టు దించేసింది. దాన్ని తీసుకెళ్లి ఇంటి గేటుకి అతికించింది.

రొట్టె కొనుక్కుని వస్తున్న అవ్వ గేటు మీద కూతురి ముఖం చూసింది. కింద పేరు. చుట్టూ నలుపు. ఆ పేరు ఒక్కసారి పైకి చదివి అక్కడే కూలబడిందట. అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం లేదు.

దిమానా వచ్చింది. పూడ్చిపెట్టాక, శ్మశానం గుమ్మంలో అందరికీ అవ్వ పేరున ఉడికించిన గోధుమలు పంచుతూ నా దగ్గర ఆగింది. కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది.

“మాస్టారూ, గేటుకి పెట్టమని మా పిల్లకి ఎవరైనా చెప్పారా? అడిగితే నోరు విప్పట్లేదు.”

“నేను బొమ్మ గీయమన్నానంతే, తల్లీ” అన్నాను.

ఇంతసేపూ నీకూ అలాగే రాశాను. అబద్ధం. చెప్పింది నేనే. పెద్ద ప్రదర్శనలో చోటు దొరకనివాళ్లు ప్యారిస్‌లో సొంత ప్రదర్శన పెట్టుకున్న సంగతి ఆ రోజే పాఠం చెప్పాను. బడి వదిలాక ఈ పిల్లని ఒక్కదాన్నీ ఆపి, ఇది సంచిలో ఉండాల్సింది కాదు, మీ గేటుకి పెట్టు, సోమవారం ఇన్‌స్పెక్టరు ఆ దారినే వస్తాడు అన్నాను. ఆ బొమ్మ చూస్తే బడి మూయడనుకున్నాను. బడి కోసమని ఇప్పుడు అంటున్నాను గానీ, శభాష్ అనిపించుకోవాలన్న కక్కుర్తి నాకు లేదా? నేను అబద్ధమాడుతుంటే రలిత్సా తల్లి పక్కనే నిలబడి నన్ను చూస్తోంది. నన్ను పట్టివ్వలేదు.

నిన్న దిమానా దాన్ని స్పెయిన్ తీసుకెళ్లిపోయింది. మిగిలింది ఏడుగురు. జూన్‌తో బడి మూత. దానికి నేను ఏడవడం లేదు. తల్లి బస్సులో సామాను సర్దుతుంటే పిల్ల నా దగ్గరికి వచ్చింది.

“మాస్టారూ, నేను బాగా గీయకపోయుంటే అవ్వ గుర్తుపట్టేది కాదు కదా?”

దిమానా నాలుగడుగుల దూరంలోనే ఉంది. డ్రైవరు ఇంకా తలుపు వేయలేదు. తప్పు నీది కాదు, నాది అనడానికి ఎంతసేపు పడుతుందక్కా?

“ఎక్కు తల్లీ, చలేస్తోంది” అన్నాను.

ఇట్లు,
నీ దగ్గర కూడా ఓదార్పు అడిగే మొహం లేని తమ్ముడు,
బ్లాగోయ్