నీ గళ్ళ పుస్తకం నా దగ్గరే ఉందక్కా

నంద్యాల,
ఆదివారం.

అక్కకు సుజాత దండం పెట్టి రాస్తున్నది.

నువ్వు, అమ్మ, నాయన బాగున్నారనే అనుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, నిజంగానే బాగున్నాను, దిగులు పడొద్దు. ఇంటికి రాయకుండా నీ కుట్టు షాపు అడ్రసుకు ఎందుకు రాసిందని అనుకుంటావేమో. ఇంటికొస్తే నాయన వాకిట్లో కూర్చుని అందరికీ వినపడేలా చదువుతాడు. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. మధ్యాహ్నం క్లాసులో అందరం తూగుతుంటాం. హాస్టల్లో ఆదివారం బొరుగుల ఉగ్గాని పెడతారు గానీ పప్పులపొడి వెయ్యరు, నాకు దిగదు. రూములో అమ్మాయిలు మంచివాళ్ళే. ఒకమ్మాయి వాళ్ళక్క కర్నూల్లో ఇంజినీరింగంట. మీ అక్కేం చేస్తుందని నన్నడిగితే డిగ్రీ అని చెప్పాను. ఎనిమిదితో బడి మానేసి రవికెలకు పూలు కుడుతుందని నా నోటికి రాలేదక్కా. దీన్ని చిన్న తప్పనుకో. పెద్దది వేరే ఉంది.

నువ్వు కుట్టుపూల నమూనాలు గీసుకునే నీ గళ్ళ పుస్తకం పోలేదు. దసరా సెలవుల్లో నేనే పెట్టెలోంచి తీసి నా బట్టల మధ్య పెట్టుకుని తెచ్చాను. నువ్వు ఫోన్లో "చూసినావా పాపా?" అని అడిగితే చూడలేదన్నాను. వెనకాల నుంచి అమ్మ నిన్ను తిడుతున్నది వినపడుతూనే ఉంది. అయినా చెప్పలేదు.

ఎందుకు తెచ్చానో చెప్తాను. బస్టాండు దగ్గర గౌసియా ఆంటీది కంప్యూటర్ సెంటర్. పెళ్ళికార్డులు చేస్తుంది. ఇంగ్లీషు కార్డుల్లో తప్పులు నేను దిద్దిపెడతాను, తను ఒక కంప్యూటర్ నన్ను వాడుకోనిస్తుంది. నాయనకు ట్యూషన్ అని చెప్పి నేను పోయేది అక్కడికే. కంప్యూటర్ తెర మీద కనపడే ఏర్పాటంతటినీ డెస్క్‌టాప్ అంటారు. ఆ కంప్యూటర్లో ఉండే డెస్క్‌టాప్‌ను ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో కలిసి చేసి ఊరికే పంచుతారు. తెర మీద ఫైళ్ళకు, ఉత్తరాలకు, చెత్తబుట్టకు చిన్న చిన్న బొమ్మలుంటాయి, ఐకాన్లంటారు. ఎవరైనా గీసి పంపొచ్చు. నేనూ గీశాను. పెద్దగా గీస్తే బాగానే ఉన్నాయి. కానీ అన్నిటికంటే చిన్న సైజు అడ్డం పదహారు గళ్ళు, నిలువు పదహారు గళ్ళు. పెద్ద బొమ్మను కుదిస్తే అంతా అలికినట్టయిపోయింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పదహారు గళ్ళలో చిలకను కూర్చోబెట్టేది నువ్వే కదా.

నీ పుస్తకం చూసి ఒక్కొక్క గడీ దించాను. నీ పూలబుట్టలో పూలు తీసేసి చెత్తబుట్ట చేశానక్కా.

తర్వాత ఇంకో చిక్కొచ్చింది. ఆ డెస్క్‌టాప్‌లో ఎవరి ఇష్టాన్ని బట్టి వాళ్ళు తెర రంగులన్నీ ఒకేసారి మార్చుకోవచ్చు, దాన్ని థీమ్ అంటారు. ఆంటీ నల్ల థీమ్ పెట్టింది. నా బొమ్మలన్నీ నల్ల గీతలు, ఒక్కటీ కనపళ్ళేదు.

"ఏమ్మే, చీకట్లో నల్ల ఎనుములు తోలినట్టుండాది. బొమ్మలు యాడుండాయి?" అని నవ్వింది.

నేను పుస్తకం మళ్ళీ తెరిచి చూశాను. నువ్వు గళ్ళలో రంగులే వెయ్యలేదు. ఇంటూ గుర్తు, చుక్క, సున్నా, అంతే. నా చిన్నప్పుడు రంగు పెన్సిల్ తీసుకుని నీ పక్కన కూర్చుంటే నువ్వు లాక్కుని ఒక మాటన్నావు.

"గళ్ళల్లో గుర్తే పెట్టాల పాపా. రంగు ఏందనేది రవికె చెప్తాది."

అదే చేశాను. బొమ్మల్లో రంగుల్ని తీసేసి ముదురు, లేత, వెనకుండే నేల అని గుర్తులు పెట్టాను. ఏ రంగు వెయ్యాలో థీమ్ చెప్తుంది. తెల్ల తెరైనా నల్ల తెరైనా అన్నీ కనపడ్డాయి. ఆ డెస్క్‌టాప్ చేసేవాళ్ళలో బొమ్మల బాధ్యత చూసే ఆయనకు పంపితే చాలా నచ్చాయి. ఈ పద్ధతి నీకెవరు నేర్పించారు, ఆ చిన్న బొమ్మలు ఎవరు గీశారు అని అడిగాడు.

ఎవరూ నేర్పలేదు, అన్నీ నావే అని రాశాను. నాయన అప్పు చేసి నేర్పించిన ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా రాశాను.

బొమ్మలు గీసినవాళ్ళ పట్టికలో నా పేరు ఎక్కింది. ఆంటీ చూసి "మీ ఇంట్లో చెప్పుమ్మే, సంతోషపడతారు" అంది. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనకు నీ పేరు చెప్తే మా అక్క చదువుకోలేదని కూడా చెప్పాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. ఆయన నీ చదువు అడగనే లేదక్కా. సిగ్గుపడింది నేనే.

పోయిన ఆదివారం ఉన్నదంతా ఆయనకు రాశాను. ఆయన తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. గీసినామె ఒప్పుకుంటేనే బొమ్మలు ఉంచుతాం, ఒప్పుకుంటే ఆమె పేరే వేస్తాం, లేదంటే తీసేస్తాం, ఆమె మాట కావాలి అన్నాడు. ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

నువ్వు ఒప్పుకున్నట్టు నేనే రాయబోయాను. నీ సంతకం నాకొచ్చు, బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద ఒకసారి పెట్టాను కూడా. సగం రాసి చెరిపేశాను.

పుస్తకం దీంతోపాటే పార్సిల్లో పంపుతున్నాను. నువ్వు ఊ అన్నా, ఊహూ అన్నా అది నీదే. ఆకుల పేజీ మీద నీళ్ళు పడి కొంచెం ఉబ్బింది, అదీ నా తప్పే. ఎండలో పెట్టకుండా బరువు కింద పెట్టు. వీలైతే ఎవరి చేతనైనా పప్పులపొడి పంపు. కోపంగా ఉంటే పంపొద్దు.

అమ్మకు, నాయనకు నా దండాలు. ఉత్తరం వచ్చిందని మాత్రం చెప్పకుండా, ఎట్లాగో చెప్పు. ట్యూషన్ సంగతి సెలవులకొచ్చినప్పుడు నాయనకు నేనే చెప్తాను, అప్పుడు నువ్వు పక్కనుండాలి.

జవాబు నీ చేత్తోనే రాయి, తెలుగులోనే. నీ పేరు ఎట్లా వెయ్యాలో రాయి, లేదా తీసెయ్యమని రాయి. నన్ను తిట్టాలనుంటే అది కూడా రాయి. ఒక్క మాటా మార్చకుండా ఆయనకు ఇంగ్లీషులో పెడతాను.

నీ ఆశీర్వాదం అడిగే ముఖం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ చెల్లెలు
సుజాత