నొప్పి పోయాక మిగిలే వాపు

బాపూ,

ఇవాళ నీ ఎనిమిదో సంవత్సరీకం. పొద్దున నీకు దండం పెట్టుకుని, గుండె వార్డులో నర్సు డ్యూటీకి వచ్చాను.

మొన్న గుండెపోటుతో వచ్చి స్టెంటు వేయించుకున్న రాజయ్య కాక, నా చేతిలో మందు బిళ్లలు చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"నొప్పే లేదు బిడ్డా, ఇంక గోలీలెందుకు? నేను గనికి పోవాలె."

నువ్వూ స్టెంటు వేయించుకున్నాక అదే మాట అని మందులు మానేశావు, మళ్లీ గుండెపోటొచ్చి పోయావు. నీకు అర్థమయ్యేలా చెప్పే చదువు అప్పుడు మనింట్లో ఎవరికీ లేదు.

రక్తనాళం తెరుచుకున్నా లోపలి వాపు తగ్గలేదని, అది తగ్గకపోతే మళ్లీ గుండెపోటు రావచ్చని చెప్పాను. ఆయన వినలేదు.

"కాకా, బ్లాస్టింగ్ కాంగనే దారి తెరుచుకున్నదని లోపలికి ఉరుకుతరా?"

"పిచ్చి పిల్లా! పొగ పోవాలె. పైకప్పు కొట్టి చూడాలె, కూలకుండ దానికి దన్ను పెట్టాలె."

"ఈ గోలీలు గా దన్ను అసొంటియే."

పకపకా నవ్వాడు. "ఎవరి బిడ్డవే నువ్వు?"

నీ పేరు చెప్పాను. గనిలో మీరిద్దరూ ఒకే షిఫ్టట. నువ్వెలా పోయావో ఆయనకు తెలుసు. నవ్వు ఆపి, గోలీల కోసం చెయ్యి చాపాడు.

సాయంత్రం దాకా ఆ మంచం పక్కన నాకేదో ఒక పని దొరుకుతూనే ఉంది, బాపూ.